పద్నాలుగు మంది కలిసి పాలించిన ఒక అర్జీ

ఒక్క మనిషే కూర్చుని నిర్ణయం తీసుకోవడమంత మొరటుతనం ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

నా సంగతే చూడండి. ఈ పూట వంకాయా, బెండకాయా అన్నది నేనొక్కదాన్నే తేల్చేస్తాను. ఉప్పెక్కువైతే తిట్లన్నీ నాకే! అదే మా వంటింటికి ఒక అకడమిక్ కౌన్సిల్ ఉంటేనా? ఉప్పు బాధ్యత పద్నాలుగు మందికి పంచేసి హాయిగా కునుకు తీసేదాన్ని.

ఆ భాగ్యం యూనివర్సిటీకే దక్కింది. అక్కడ అందరూ కలిసి పాలిస్తారు. ప్రొఫెసర్లు, ప్రిన్సిపాళ్లు, పెద్దమనుషులు, మా ఆదోని కాలేజీ తరఫున మా ఆయన. దీన్ని కొందరు కాలయాపన అంటారు. పాపం, వాళ్లకు ఓపిక లేదు.

మా పక్కింటి కోడలు గుల్జార్ బీ నా దగ్గర పాఠాలు చెప్పించుకుంటూ ప్రైవేటుగా బి.ఏ. చదివింది. డిగ్రీ చేతికొస్తే ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. అయితే ప్రైవేటు వాళ్లు పరీక్ష రాయాలంటే రెండు బస్సులు మారి యూనివర్సిటీ ఉన్న ఊరికే పోవాలి. పత్తి మార్కెట్లో కాటా వేసే మామగారు ఉస్మాన్ సాబ్‌ది ఒకటే మాట.

"ఆదోనిలో పెడితే రాయనీ. అంత దూరం పదైదు దినాలు కోడల్ని పంపేదేందమ్మా? జరిగే పని కాదు."

సరే, ఆదోనిలోనే పెట్టండని అర్జీ పెట్టించాను. ఎంత మర్యాద చేశారనుకున్నారు దానికి! బోర్డ్ ఆఫ్ స్టడీస్ అది తన పరిధి కాదంటూనే హర్షం ప్రకటించింది. అకడమిక్ కౌన్సిల్ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సిండికేటు ముగ్గురితో సబ్ కమిటీ వేసింది. ఆ ముగ్గురూ జీపులో వచ్చి, మా కాలేజీలో బెంచీలు ఉన్నాయని కళ్లారా చూశారు. రోజూ మూడొందల మంది పిల్లలు కూర్చునే బెంచీలే! ఒకాయన కూర్చుని కూడా చూశాడు. మా ఇంట్లో ఓళిగలు తిని, అవీ బాగున్నాయన్నారు. అప్పటికి ఏడాదిన్నర. తొందరపడితే ప్రజాస్వామ్యం ఏం కావాలి?

మార్చి పరీక్షలు ఆరు వారాలున్నాయనగా ఉత్తరం వచ్చింది. అభ్యర్థిని యూనివర్సిటీకి స్వయంగా వచ్చి, అంత దూరం ప్రయాణం చేయలేని తన ఇబ్బందిని మళ్లీ పద్నాలుగు మంది అకడమిక్ కౌన్సిల్‌కే విన్నవించుకోవాలట!

"యా అల్లా! రాలేనని సెప్పేదానికి ఆడికే రావల్లనా?" అన్నాడు ఉస్మాన్ సాబ్.

"ఒక్కసారే కదా సాబ్, అడిగేది మనమాయె" అని నచ్చజెప్పి పంపాను. కోడలు బురఖాలో, మామ టిఫిన్ క్యారియర్‌తో బయలుదేరారు.

నాలుగు గంటలు వరండాలో కూర్చోబెట్టి లోపలికి పిలిచారట. అధ్యక్షులవారు దయగా అడిగారట, "ప్రయాణం ఎలా జరిగిందమ్మా?" అని.

పెద్దవాళ్లు అట్లా అడిగితే మా వైపు ఆడపిల్ల ఏమంటుంది?

"బాగానే జరిగింది సార్."

రాసేసుకున్నారు! "ప్రయాణం సుఖంగా జరిగినట్లు అభ్యర్థిని స్వయంగా తెలిపినందున ఆదోనిలో కేంద్రం అవసరం లేదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఏకగ్రీవం అంటే అందులో మా ఆయన చెయ్యి కూడా ఉండాలి కదా! మర్నాడు ఆయన ఇల్లు చేరగానే అడిగాను.

"మీరు కూడా ఎత్తినారా?"

"అందరూ ఎత్తినాక నేనొక్కడే దించుకోని కూర్చుంటే ఏం బాగుంటాదే?"

అంతలో ఉస్మాన్ సాబ్ మా గుమ్మంలోకి వచ్చాడు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

"పద్నాలుగు మంది సార్లమ్మా! టీలు తాగినారు, బిస్కట్లు తిన్యారు. పిల్ల మొగం సూసి 'ఏం సదివినావు' అన్నోడు ఒగుడు లేడు. మార్చిలో నేనే పిల్చుకోని పోతా. రూము తీసుకోని పదైదు దినాలూ ఆడనే ఉంటా. కాటా ఇంగెవురన్నా ఏసుకుంటారు. ఎట్ల పాస్ కాదో సూస్తా!"

"ఇంట్లో అందర్నీ అడిగినారా సాబ్?"

"అడిగేదేంది? బస్సులోనే అనుకున్యా."

ఇదండీ వరస! కోరం లేదు, తీర్మానం లేదు, కనీసం ఒక సబ్ కమిటీ అయినా లేదు. గుల్జార్ బీ సెకండ్ క్లాసులో పాసై, ఇప్పుడు ఎనిమిది గంటల బస్సుకు ఎమ్మిగనూరు పోతోంది.

ఈ ఏడాది నా దగ్గర ఆరుగురు ఆడవాళ్లు చదువుతున్నారు. ఆరిళ్లలోనూ అంత దూరం పంపేది లేదనే మామలే. ఆదోనికి కేంద్రం కావాలని నేనిక అడగను. యూనివర్సిటీ వారికి నా మనవి ఒక్కటే: దయచేసి ఆ ఆరుగురు మామలనూ ఒక్కసారి మీటింగుకు పిలిపించండి.