అల్లుడి ఏడు రూల్సు

ఆ ఆదివారం పొద్దున మునిచంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది నుంచి పదకొండు దాకా నలభై రోజుల కొడుకును ఒక్కడే చూసుకోవాలి. అందులో నెగ్గితే వచ్చే శుక్రవారం భార్య సుజననూ బిడ్డనూ చిత్తూరులోని అత్తగారింటి నుంచి నగరిలోని తన ఇంటికి తీసుకుపోవచ్చు. లేదంటే ఐదో నెల దాకా కదిలించేది లేదని అత్త కుప్పమ్మ తేల్చి చెప్పింది.

"మగోనివి. మరమగ్గాలు సూసుకుంటావా, పాలు కక్కే బిడ్డను సూసుకుంటావా?" అని ఆమె ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. పిల్లవాడు తాగిన పాలలో సగం కడుపులోనూ, సగం ఎత్తుకున్నవాళ్ల భుజం మీదా దాచేవాడు. భయపడి తీసుకువెళ్తే డాక్టరమ్మ బరువు చూసి, బాగానే పెరుగుతున్నాడంది. పాలు తాగాక అరగంట నిటారుగా ఎత్తుకోమంది. పడుకోబెట్టేటప్పుడు మాత్రం గట్టి పరుపు మీద, వెల్లకిలా, పక్కన ఏమీ లేకుండా పడుకోబెట్టమంది. మునిచంద్ర ఆమె చెప్పిన జాగ్రత్తలన్నీ ఏడు రూల్సుగా చీరల అట్టపెట్టె మూత మీద రాసి, అత్తగారి హాల్లో గోడకు అంటించాడు. అంతటితో ఊరుకుంటే మునిచంద్ర ఎందుకవుతాడు? తల గుండ్రంగా రావాలని కుప్పమ్మ తన చేత్తో కుట్టి పెట్టిన ఆవాల దిండును, చుట్టుపక్కల ఆడవాళ్లందరి ముందూ రెండు వేళ్లతో ఎత్తి, "ఇది దిండు కాదత్తా, ప్రమాదం" అని నవ్వి అటక మీదికి విసిరాడు. కుప్పమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సరే, తొమ్మిది కొట్టింది. సుజన పాలిచ్చి, బిడ్డను గుడ్డలో చుట్టి చేతికిచ్చి, తలకు పోసుకోవడానికి వెళ్లింది. కుప్పమ్మ కూరగాయలకు పోయింది. మామ మునిరామయ్య, ఐరాల నుంచి వస్తున్న తన అన్నను తీసుకురావడానికి బస్టాండుకు బయల్దేరాడు.

మొదటి పది నిమిషాలు మునిచంద్ర హాల్లో అటూ ఇటూ తిరిగాడు. బిడ్డ త్రేన్చాడు. తండ్రి పొంగిపోయాడు. ఆ పొంగు తగ్గకముందే బిడ్డ చొక్కా మీద కక్కాడు. ఇంకో చొక్కా వేసుకుంటే దాని మీదా కక్కాడు. ఊరి నుంచి తెచ్చుకున్నవి రెండే. చివరికి బనియను మీద అత్తగారి పాత చీర కప్పుకుని, ఒక్క నిమిషం నడుము వాల్చి లేద్దామని పడక కుర్చీలో కూర్చున్నాడు. నిద్రపోకూడదని గట్టిగానే అనుకున్నాడు. అయితే ముందు రాత్రంతా మగ్గాలు ఆడించి వచ్చిన మనిషి.

కళ్లు తెరిచేసరికి వాకిట్లో చెప్పుల చప్పుడు. ఉలిక్కిపడి చూసుకుంటే గుడ్డ మూట భుజం మీదే ఉంది, వెచ్చగా, కదలకుండా. తన చెయ్యి మగ్గం తాళంలో దాని వీపు తడుతూనే ఉంది. కునుకు పట్టనే లేదు, రెప్పలు వాలాయంతే అని తనకు తానే సర్దిచెప్పుకుని లేచి నిలబడ్డాడు.

మామ వెనకే ఐరాల పెద్దమామ చెంగల్రాయుడు లోపలికి వచ్చాడు.

"ఏడప్పా నా మనవడు? మొగం సూపీ!"

"దగ్గరికి రావద్దు పెద్దమామా! ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి."

డెబ్బై ఏళ్ల పెద్దాయన బుద్ధిగా వెళ్లి కడుక్కుని వచ్చాడు.

"ఇప్పుడన్నా సూపిస్తావా?"

"పండుకోనుండాడు. లేపితే కక్కతాడు. ఇంతసేపు నిటారుగా ఎత్తుకోనుండా, ఈ చీర మీద ఒక్క చుక్క పడలే, సూడండి!"

పెద్దవాళ్లిద్దరూ చూసి మెచ్చుకున్నారు. మెప్పు తలకెక్కింది. అన్నదమ్ములను వరసగా కూర్చోబెట్టి, గోడ దగ్గర నిలబడి రూల్సన్నీ వివరించాడు. దిండ్ల సంగతి వచ్చేసరికి ఆవేశం పెరిగింది, దాంతోపాటు వీపు తడుతున్న చెయ్యీ జోరందుకుంది.

"ఆవాల దిండంట! ఆవాలు ఉండాల్సింది పోపుల డబ్బాలో గదా పెద్దమామా!"

చెంగల్రాయుడు నేలకేసి చూస్తున్నాడు.

"అప్పా, పాలయితే కక్కలే గానీ, బిడ్డ ఆవాలు కక్కతా ఉండాడే!"

మునిచంద్ర పాదాల చుట్టూ ఆవాలు జలజలా రాలుతున్నాయి. గుడ్డ విప్పాడు. అటక మీదికి తాను విసిరిన దిండే, కుట్టు విడిచి నోరు తెరుచుకుని ఉంది. నవ్వు ఎవరికీ రాలేదు. మరి బిడ్డ? మునిచంద్ర గదిలోకి పరిగెత్తాడు.

అక్కడ గట్టి పరుపు మీద, వెల్లకిలా, దిండూ దుప్పటీ ఏమీ లేకుండా బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడు. పక్కనే కుప్పమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"నేనొచ్చేతలికి నువ్వు గురక పెడతా ఉంటివి," అంది నెమ్మదిగా. "బిడ్డ జారి, మొగం నీ సంకలో ఇరుక్కోనుండె. తీసుకొచ్చి నువ్వు రాసినట్టే పండబెట్టినా. నీ చెయ్యి మాత్రం నిలవలే, గాలిని తడతా ఉండె. అందుకే అటక మీది దిండును గుడ్డలో చుట్టి నీ భుజాన పెట్టినా. నాకు సదువు రాదప్పా. సుజన సదివి సెప్పినవాట్లో ఆరే గుర్తుండాయి. ఏడోది ఏందో నువ్వే సెప్పు."

బిడ్డను ఎత్తుకుని కూర్చున్నచోట నిద్రపోకూడదు. అదీ ఏడోది. రాసినవాడు తానే. దిండు విసిరిన రోజు తాను నవ్వాడు, ఈమె ఇప్పుడు నవ్వడం లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఊపిరికి ఎగిరిపడుతున్న ఆ చిన్న పొట్టను చూస్తుంటే సిగ్గు కంటే భయం ఎక్కువైంది.

"ఏమైందమ్మా కుప్పమ్మా?" అని హాల్లోంచి చెంగల్రాయుడు కేకేశాడు.

"ఏం లే బావా. నేను కుట్టిన దిండు గట్టిదో కాదో అల్లుడు సూస్తా ఉండాడు."

అందరి ముందూ తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. తడి తలతో వచ్చిన సుజన ఎదుట మునిచంద్ర తానే నోరు విప్పాడు. "నిద్రపోయినాను సుజనా. వాణ్ణి ఎత్తుకోనే నిద్రపోయినా. అత్త రాకుంటే..." బిడ్డ వైపు చూశాడు. "మీరు ఐదో నెలకే రాండి."

కుప్పమ్మ చిక్కుడుకాయ విరిచింది. "దాసిపెట్టింటే ఐదో నెలకే పంపిందును. ఒప్పుకున్నోడు రెండోతూరి నిద్రపోడు. శుక్రవారమే పొండి. నేనూ వస్తా."

మునిచంద్ర మోకాళ్ల మీద కూర్చుని హాల్లో ఆవాలన్నీ ఏరాడు. ఆ తర్వాత అత్త చెబుతుంటే, అట్ట మీద ఎనిమిదో రూలు తన చేత్తోనే రాశాడు: ఎత్తుకున్నది బిడ్డేనా కాదా అని మధ్యమధ్యన చూసుకోవలెను.