వరాహమూర్తి పంటల ప్రసంగం

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి, రేడియో ఒక్కటే లేదు. ఆ లోటు తీర్చడానికి సింహంగారు ఒక కేంద్రం పెట్టించి, నక్క శేషాచలాన్ని డైరెక్టర్ని చేశారు. రోజూ సందెవేళ రైతుల కార్యక్రమం. పంటల రక్షణ నిపుణుడు అడవిపంది వరాహమూర్తి.

"పందినా?" అన్నాడు కుందేలు గవరయ్య, చెవులు నిక్కించి.

"చేలల్లో ఆయనకున్న అనుభవం ఇంకెవరికుందయ్యా!" అన్నాడు నక్క.

గవరయ్యకు ఉన్నదల్లా ఒక చిలగడదుంపల మడి, దాని చుట్టూ ముళ్లకంచె. చలికాలమంతా ఇంటిల్లిపాదికీ ఆ దుంపలే తిండి. పిల్లలెందరంటారా? కుందేలు కదా, లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాడు.

మొదటిరోజే వరాహమూర్తి గొంతు సవరించుకున్నాడు. "రైతు సోదరులారా! కంచె ఉంటే దుంపకు గాలాడదు. గాలాడని దుంప దిగులుపడుతుంది. కంచెలు పీకెయ్యండి!"

రేడియోలో చెప్పాక తిరుగేముంది? అడవంతా పీకేసింది. వెనకబడ్డవాడంటారని గవరయ్యా పీకేశాడు. ఆ రాత్రే పందులు దిగి సగం మడి కుళ్లగించాయి.

మర్నాడు సందెవేళ గవరయ్య కేంద్రానికి పరిగెత్తాడు. "బాబూ, పందులొస్తే ఏం చెయ్యాలో రేడియోలో అడుగుతాను."

"కుదరదు," అన్నాడు నక్క. "ఇక్కడ ముందు జవాబు రికార్డు చేస్తాం. తర్వాత దానికి సరిపోయే ప్రశ్న రైతుచేత అడిగిస్తాం. పందుల మీద జవాబు లేదు."

"మరేం ఉన్నాయి?"

"కంచెల మీద పదకొండున్నాయి. నీకు నచ్చింది తీసుకో."

ఉసూరుమంటూ వస్తుంటే దారిలో రేడియో ముందు పందుల మంద బుద్ధిగా కూర్చుని కనిపించింది.

"ఏరా అల్లుడూ, ఇంకా చేల మీద పడలేదేం?" అని చివరనున్న పందిని అడిగాడు.

"ఎక్కడ మామా! పెద్దాయన ప్రసంగం అయ్యేదాకా కదలకూడదు. ఏం చెప్పాడో పొద్దున్నే అడుగుతాడు. చెప్పలేకపోతే కోరతో పొడుస్తాడు."

గవరయ్య గిర్రున వెనక్కి తిరిగాడు. ఈసారి తిన్నగా వెళ్లి వరాహమూర్తి కాళ్లమీద పడ్డాడు.

"అయ్యా, మీ ప్రసంగం పావుగంటేనా? మాబోటి మొద్దులకి అది ఏ మూలకి? సందె నుంచి తెల్లారేదాకా చెప్తేగానీ బుర్రకెక్కదు."

వరాహమూర్తి కళ్లు చెమర్చాయి. "విన్నావా శేషాచలం? రైతులు నన్ను వదల్లేకపోతున్నారు!"

ఆ రోజు నుంచి కోతలదాకా ఆయన రాత్రంతా మాట్లాడాడు. దుంప దిగులు గురించి, దుంప బాల్యం గురించి, తన బాల్యం గురించి కూడా. పందులు ఆకలితో తూలుతూనే విన్నాయి, పగలంతా పడి నిద్రపోయాయి. గవరయ్య మిగిలిన సగం మడీ తవ్వుకుని దుంపలు ఇంటికి చేర్చాడు.

నక్క శేషాచలం పోయిన సగాన్ని లెక్కలోంచి తీసేసి, మిగిలినదాంట్లో నూటికి నూరుపాళ్లూ చేతికొచ్చిందనీ, అదంతా కంచెలు పీకిన ఫలితమేననీ ప్రకటించాడు. సింహంగారు వరాహమూర్తికి శాలువా కప్పారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది గవరయ్యే.

"వచ్చే ఏడు కూడా తమరే మాట్లాడాలి!" అని అరిచాడు.

నీతి: నిపుణుడి సలహా ఎంత చెడ్డదైనా, ఆయన మాట్లాడుతున్నంతసేపూ చేను భద్రం.