తలుపు వెనక బల్ల

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది ముగ్గురు. కుట్టుమిషను ముందు దర్జీ, మంచం మీద ఆయన తల్లి, ఇద్దరి మీదా కేకలేస్తూ దర్జీ భార్య. గుమ్మం పక్కన పెట్టిన కొత్త బల్లని కూడా కలిపితే నలుగురు. కలపాల్సిందే. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో మర్యాద దక్కింది దానికొక్కదానికే.

సాయంత్రం దర్జీ అక్క వస్తోంది. ఆవిడ లేనప్పుడు చుట్టాలందరూ ఆవిణ్ణి భూతద్దం అంటారు. కిందటిసారి గడపలో నిలబడి చెప్పుల గుట్టని చూసి, "ఇల్లనుకుని వచ్చాను, చెప్పుల కొట్టా?" అంది. ఆ మాట చుట్టాలందరి ఇళ్ళూ తిరిగింది. ఈసారి గడప దాటకముందే ఆవిడ నోరు మూతపడాలని దర్జీ భార్య పంతం.

బల్ల సన్నగా, పొడుగ్గా ఉంది. దాని మీద అద్దం, ఇత్తడి కూజాలో పూలు, తాళాలకి పింగాణీ గిన్నె. కూజాని ఎడమకి జరిపింది, కుడికి జరిపింది, మళ్ళీ ఎడమకే తెచ్చింది.

"ఏమండీ, ఎలా ఉంది?"

"పాపం, పూలకి కళ్ళు తిరుగుతున్నాయే" అన్నాడు దర్జీ. "అయినా ఏమీ పెట్టుకోకూడని బల్ల మనకెందుకు?"

"పెట్టుకోవద్దన్నానా? మీ కత్తెర పెట్టొద్దన్నాను!"

ఇటు తిరిగి చూసేసరికి గిన్నెలో అత్తగారి కళ్ళజోడు. అది తీసేలోగా అద్దం మెడలో దర్జీ టేపు.

"గోడ కొలిచింది అదే కదా. దానికీ కాస్త గౌరవం ఉండాలి."

"నా ప్రాణం తియ్యడానికి తల్లీకొడుకులు ఒక్కటయ్యారు!"

గంట మోగింది. ఆమె పరుగున వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. తెరిచాక గానీ తెలిసిరాలేదు.

దుమ్ము పడుతుందని పొద్దుటి నుంచీ తలుపు మూసే ఉంచారు. దర్జీ గోడ కొలిచిందీ తలుపు మూసే. ఇప్పుడు ఆ తలుపు వెళ్ళి సరిగ్గా బల్లకే ఆనుకుంది. అద్దం, పూలు, గిన్నె, అన్నీ దాని వెనక్కి పోయాయి. బల్ల కోసం ఎదురు గోడకి తోసేసిన చెప్పుల గుట్ట మాత్రం నిండుగా దర్శనమిచ్చింది.

భూతద్దం దాన్ని తేరిపార చూసింది. "వ్యాపారం బాగా పెరిగినట్టుందే, అమ్మాయ్!"

లోపల దర్జీ నవ్వు ఆపుకోలేక మిషను జోరుగా తొక్కాడు.

"రండి వదినా, లోపలికి రండి. తలుపేసేద్దాం, దుమ్ము."

"ఉండనీ, గాలొస్తోంది." ఆవిడ కుర్చీ లాక్కుని, తెరిచిన తలుపుకే వీపు ఆనించి కూర్చుంది.

"పిల్లులొస్తాయి వదినా."

"రానీ. మా ఇంట్లోనూ ఉన్నాయిగా."

"దోమలు..."

"ఏంటే, వచ్చిన దగ్గర్నుంచీ తలుపు తలుపు అని ఒకటే గోల! సర్లే, నా సంచీ గేటు దగ్గరే వదిలేశాను, కాస్త తెచ్చిపెట్టు."

సంచీ రాళ్ళ మూటలా ఉంది. రెండు చేతులా ఎత్తుకుని, రొప్పుతూ మెట్లెక్కేసరికి వదినగారు కుర్చీ పక్కకి లాగుతోంది.

"పాపం, అంత పోరుతోంది కదా, వేసేద్దాం."

"వదినా, నేను బయ..."

తలుపు ఆమె ముక్కు ముందే ధడాలున పడింది.

"ఒరేయ్ తమ్ముడూ!" లోపలి నుంచి భూతద్దం కేక. "ఎంత ముచ్చటగా ఉందిరా ఈ బల్ల! పూలు చూడు, అద్దం చూడు! ఎవరు ఎంచారురా?"

మిషను ఆగింది.

"ఇంకెవరక్కా," అన్నాడు దర్జీ, "నేనే!"