శాతాల మాస్టారి కొత్త జ్వరం

కాలేజీలో ఆయన్ని అందరూ శాతాల మాస్టారు అంటారు. కూర బాగుందా అని భార్య అడిగినా "డెబ్బై రెండు శాతం" అనే రకం. ఆ రోజు ఉదయం ఆయన వేసుకున్న పథకం చిన్నదే. ఆరోగ్య నిబంధనలకు కుర్రకారు తలూపేది బుద్ధితోనా, భయంతోనా అన్నది తేల్చాలి. సగం మందికి ఉత్త ప్రశ్న: దగ్గినవాళ్లను పద్నాలుగు రోజులు గదిలో పెట్టే నిబంధన కావాలా, వద్దా? మిగతా సగానికి అదే ప్రశ్న, దాని పైన గుండెలదిరే పేరా ఒకటి. పక్క ఊళ్లో కొత్త జ్వరం వచ్చింది, దగ్గుతో మొదలై మూడో రోజుకు మతి తప్పుతుంది అని. అడుగున చిన్న అక్షరాల్లో "ఇది కల్పితం".

"అబద్ధం రాసి పంచుతారా? కొరివితో తల గోక్కోవడం కాదుటండీ?" అంది భార్య.

"ఇది శాస్త్రం. నీకర్థం కాదులే."

జిరాక్సు మిషనుకూ అర్థం కాలేదు. అడుగు లైను మింగేసింది.

పదింటికి కాగితాలు పంచారు. పదిన్నరకల్లా ఆ పేరా ఫొటో అయి ప్రతి ఫోనులోకీ ఎక్కింది. పదకొండుకు జ్వరం హాస్టలు మెస్సు దాకా వచ్చేసింది. మధ్యాహ్నానికి ఇద్దరు పోయారని వార్త. వాళ్లు పోయింది సినిమాకని తర్వాత తెలిసింది.

విద్యార్థి నాయకుణ్ణి అందరూ మైకు అని పిలుస్తారు. మెస్సులో సబ్బుతో చేతులు కడుక్కోవాలన్నందుకు "చేతులు మావి, హక్కు మాది" అంటూ పోయిన నెలే ధర్నా చేశాడు. ఇవాళ మాస్కు మీద మాస్కు వేసుకొచ్చి ప్రిన్సిపాల్ బల్ల గుద్దాడు.

"దగ్గినవాణ్ణి గదిలో పడేసి గొళ్లెం పెట్టాలి సార్! తుమ్మినవాణ్ణి కూడా!"

"తుమ్ము సంగతి అందులో లేదుగా బాబూ?"

"ముందుజాగ్రత్త సార్!"

మేడ మీద హాల్లో సభ పెట్టారు. తీర్మానానికి లేవని చెయ్యి లేదు. కొందరైతే రెండేసి ఎత్తారు. సంగతి చెవిన పడగానే మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. మూడంతస్తులు పరుగెత్తి హాల్లోకొచ్చి పడ్డారు.

"ఆపండి! ఆ జ్వరం... నేనే... నేనే పుట్టించాను!" అన్నారు. ఆయాసం గొంతుకు అడ్డం పడి ఖళ్లుఖళ్లున దగ్గారు.

హాలు రెండుగా చీలింది. ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు గనక బెంచీలతో నెట్టుకుంటూ తీసుకెళ్లి స్టోరు గదిలో పెట్టి గొళ్లెం వేశారు.

"అది నేను రాసిన కథర్రా! పక్క ఊళ్లో జ్వరమే లేదు!" అని కిటికీలోంచి అరిచారు మాస్టారు.

ప్రిన్సిపాల్ దూరం నుంచే నిట్టూర్చాడు. "పాపం, మతి తప్పింది. మూడో రోజు దాకా కూడా ఆగలేదు."

సాయంత్రం భార్య ఇంట్లో ఉన్న అసలు కాగితం పట్టుకొచ్చి, స్టోరు గది ముందు చేరినవాళ్లందరికీ అడుగు లైను చూపించింది. ఊపిరి పీల్చుకున్న మరుక్షణం మైకు బెంచీ ఎక్కాడు.

"ఇది మన స్వేచ్ఛ మీద దాడి! నిబంధన రద్దు చెయ్యాలి!"

మధ్యాహ్నం లేచిన చేతులే మళ్లీ లేచాయి, ఒక్కటీ తగ్గకుండా. లోపల మాస్టారికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఇరవయ్యేళ్లలో ఇంత చక్కటి ఫలితం ఎవరికొచ్చింది? "రుజువైంది! భయముంటే వంద, లేకపోతే సున్నా!" అని పగలబడి నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది.

జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"కాస్త ఆ గొళ్లెం తియ్యండి బాబూ," అంది భార్య.

మైకు ప్రిన్సిపాల్ని చూశాడు. ప్రిన్సిపాల్ అటెండర్ని చూశాడు. అటెండరు గడియారం చూసి, "నా డ్యూటీ అయిపోయిందండి," అన్నాడు.

ఆవిడే వెళ్లి తలుపు తీసింది. స్వేచ్ఛ కోరినవాళ్లంతా గేటు దాకా వెనక్కి జరిగి, అక్కణ్నుంచి మాస్టారికి జై కొట్టారు.