అమ్మిరాజు గారి బుగ్గ మీద ఆకుపచ్చ నీడ

మొగల్తూరు దగ్గర కాలవ గట్టు మీది పల్లెలో అమ్మిరాజు గారు ఎవరని అడిగితే జనం కాసేపు ఆలోచిస్తారు. అనుమానాల అమ్మిరాజు గారని అడిగితే మాత్రం చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టి వస్తారు. ఎదురుపడ్డవాడు నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం పనిపడిందో అనుకుంటారాయన. పెట్టకుండా పోతే, వీడు నా చాటున ఏం చేసి పోతున్నాడో అనుకుంటారు.

రాజమండ్రిలో గోదారి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. ఇక్కడ అమ్మిరాజు గారు మండువా లోగిలి కడుతున్నారు. ముందు ఏది పూర్తవుతుందోనని ఊళ్ళో పందేలు కాసుకున్నారు. ఎందుకంటే తాపీవాళ్ళు పగలంతా పేర్చిన వరసను ఆయన సాయంత్రం ఊడబీకించి, లోపల మట్టి ఎక్కువ పెట్టారేమోనని వెతికేవారు.

ఎలాగైతేనేం, ఇల్లు నిలబడింది. గృహప్రవేశానికి ముహూర్తం కుదిరింది. అప్పుడు పట్టుకుంది ఆయనకు అసలు దిగులు. ఆ దిగులు పేరు దొరబాబు గారు.

దొరబాబు గారంటే అమ్మిరాజు గారి తోడల్లుడు, అంటే భార్య అక్కగారి మొగుడు. ఉండేది భీమవరం. ఆయన సావిడి గోడకు మద్రాసు చిత్రకారుడు వేసిన ఆయన బొమ్మ ఒకటి, నిలువెత్తుది, బంగారు చట్రంలో ఉంటుంది. అమ్మిరాజు గారు ఎప్పుడు వెళ్ళినా దొరబాబు గారు సరిగ్గా దాని కిందే పీట వేయించేవారు. ఫలహారం చేస్తుంటే ఎదుట ఒక దొరబాబు గారు, నెత్తిన ఒక దొరబాబు గారు. ఇక మింగుడు పడేదెలా?

ఆ మనిషి ఇప్పుడు గృహప్రవేశానికి వస్తాడు. వచ్చి బోసిగోడ చూసి, "ఇక్కడేం తగిలిస్తావు తమ్ముడూ, గొడుగా?" అంటాడు. ఆ మాట దొరబాబు గారు ఇంకా అననేలేదు. అయినా అమ్మిరాజు గారు అప్పుడే దానికి ఉడికిపోతున్నారు.

మద్రాసు చిత్రకారుణ్ణి పిలిపిద్దామంటే మళ్ళీ అనుమానం. ముక్కూ మొహం తెలియనివాడి ఎదుట పూటల తరబడి కదలకుండా కూర్చోవడమా! వాడు బొమ్మ వేస్తున్నాడో, ఇంట్లో ఏ సామాను ఎక్కడుందో చూసుకుంటున్నాడో ఎవడికి తెలుసు!

చివరికి ఆయన చూపు భార్య సంపూర్ణమ్మ మీద పడింది. ఆవిడ చిన్నప్పుడు నరసాపురంలో ఒక మిషను దొరసాని దగ్గర కుట్టుపనీ బొమ్మలూ నేర్చుకుంది. తమ్ముడు అచ్చిబాబు యానాంలో ఫ్రెంచి సరుకుల కొట్లో గుమాస్తా. కిందటిసారి వస్తూ అక్కకు రంగు పెన్సిళ్ళ పెట్టె తెచ్చాడు. వాటితో ఆవిడ జామపండు వేస్తే చిలక వచ్చి ముక్కుతో పొడిచిందని ఇరుగుపొరుగు చెప్పుకునేవారు. అమ్మిరాజు గారికి ఆ చిలక మీద కూడా నమ్మకం లేదు.

"ఏమే, నా బొమ్మ వెయ్యగలవా?"

"కదలకుండా కూర్చుంటే వేస్తానండి."

"మీ బావగారి బొమ్మని తలదన్నాలి."

"బావగారి బొమ్మలో ఏముందండీ, సగం మీసమేగా!"

ఆ మాటకు ఆయన పొంగిపోయారు. మరుక్షణమే నీరుగారిపోయారు. ఈవిడ బావగారి మీసాన్ని అంత పరీక్షగా ఎందుకు చూసినట్టు?

పొద్దున్నే ఎర్ర తలపాగా చుట్టి, పసుపు పట్టు కండువా వేసుకుని, చెవులకు పోగులు పెట్టుకుని ఆయన వసారాలో కూర్చున్నారు. ముక్కు పక్కనున్న పుట్టుమచ్చ వెయ్యడం మరిచిపోవద్దని హెచ్చరించారు. అయ్యేదాకా చూడనని మాట కూడా ఇచ్చారు. ఆ మాట తాంబూలం ఉమ్మడానికి లేచేదాకా నిలబడింది. వస్తూ వస్తూ భార్య భుజం మీదుగా తొంగిచూశారు.

బుగ్గ కింద ఆకుపచ్చ. ఎర్ర తలపాగా మడతల్లో ఆకుపచ్చ. పసుపు కండువా ముడతల్లో వంకాయ రంగు.

"ఇదేంటే! నా బుగ్గకి నాచు పట్టిందా?"

"అది నీడండి."

"నీడ నల్లగా ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ నా కాళ్ళకింద పడి తిరుగుతోంది, నాకు తెలీదా?"

"నల్ల పెన్సిల్ రుద్దితే ఎరుపు చచ్చిపోతుందండి, మసిగుడ్డతో తుడిచినట్టుంటుంది. ఎరుపుకి ఎదురు రంగు పల్చగా వేసి, దానిమీద మళ్ళీ ఎరుపు దిద్దాలి. అప్పుడు ఎరుపు ఎరుపుగానే ఉండి లోతుకి దిగుతుంది. బుగ్గ గుండ్రంగా లేస్తుంది."

"రంగులకి కూడా ఎదురూ బొదురూ ఏంటి?"

"ఎరుపుకి ఆకుపచ్చ ఎదురండి. పసుపుకి వంకాయ రంగు. నారింజకి నీలం. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. ఒకదాని మీద ఒకటి వేస్తే రెండూ అణుగుతాయి."

"అంటే మనిద్దరిలాగా అన్నమాట."

"మనం ఎప్పుడు అణిగామండీ?"

ఇంకా పూర్తి కాలేదనీ, పైన ఎరుపు పడితే ఆ పచ్చదనం కనబడదనీ ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. ఆయన వినలేదు. ఆయన మనసు అప్పటికే కిందటి శుక్రవారానికి పోయింది. ఆ రోజు వదినగారు వీరవేణమ్మ భీమవరం నుంచి పడవలో పనసతొనలు తెచ్చింది. అక్కాచెల్లెళ్ళు వంటింట్లో గుసగుసలాడుకున్నారు. ఆయన దగ్గితే ఠక్కున ఆపేశారు. ఆపారంటే తన గురించే!

ఇప్పుడు తెలిసింది. మొగుడి బొమ్మకు పోటీ వస్తుందని పెద్దావిడ కుళ్ళు. చిన్నావిడ చేత ఆకుపచ్చ పూయిస్తోంది. ఇద్దరూ కలిసి తనను పచ్చకామెర్లవాడిలా గోడెక్కించబోతున్నారు. ఔరా ఆడవాళ్ళు!

ఆ మధ్యాహ్నమే ఆయన ఆకుపచ్చ పెన్సిలూ, వంకాయ రంగు పెన్సిలూ తీసి గుడ్డలో చుట్టి పశువుల పాక చూరులో దోపేశారు.

"ఏమండీ, ఆకుపచ్చ పెన్సిల్ చూశారా?"

"నాకేం తెలుసు? ఎలకలు లాక్కుపోయుంటాయి."

"వంకాయ రంగుది కూడా కనబడటం లేదండి."

"ఎలకలకి వంకాయంటే ఇష్టమేమో."

సంపూర్ణమ్మ ఆయన్ని ఒక్కసారి తేరిపార చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు ఆయనకు నచ్చలేదు. అందుకని పాక వైపు వెళ్ళినప్పుడల్లా చూరులో చెయ్యిపెట్టి తడుముకునేవారు. గుడ్డలో పుల్లలు గట్టిగా తగిలేవి. అమ్మయ్య అనుకునేవారు.

గృహప్రవేశం రెండ్రోజులుందనగా సంపూర్ణమ్మ పక్కింటి పాపాయమ్మ గారింట్లో పేరంటానికి బయల్దేరింది.

"బొమ్మ బల్ల మీద ఉందండి. ముట్టుకోకండేం!"

"నేనెందుకు ముట్టుకుంటాను!" అన్నారాయన. ఆవిడ వీధి మలుపు తిరగకముందే ముట్టుకున్నారు.

బుగ్గ మీద పచ్చదనం అలాగే ఉంది. రబ్బరు ముక్కతో రుద్దారు. పోలేదు సరికదా, గోంగూర పచ్చడిలా అంతటా అలుముకుంది. సరే, నీడ నల్లగానే ఉండాలి కదా అని నల్ల పెన్సిల్ అందుకున్నారు. బుగ్గ లోపలికి పోయి, ముప్పై లంఖణాలు చేసినవాడి మొహమైంది. రెండో బుగ్గను కూడా దానికి జత చేశారు. కళ్ళ కింద కాస్త పచ్చగా కనబడితే అక్కడా నలుపు పెట్టారు. దాంతో కళ్ళు రెండూ ఉబ్బి బయటికొచ్చాయి.

కోపంగా ఉన్నట్టుందే అనుకున్నారు. యజమాని అన్నాక ఆమాత్రం కోపం ఉండాలిలే అని సర్దిచెప్పుకున్నారు కూడా.

పెదాలు వెలవెలబోతున్నాయని ఎరుపు దిద్దితే అది గడ్డందాకా పాకింది. దాన్ని కప్పిపుచ్చుదామని కుడి మీసం పెంచారు. ఎడమది చిన్నదైపోయింది. ఎడమది పెంచితే కుడిది చిన్నదైంది. అలా పోటీలుపడి పెరిగిన మీసాలు చెవిపోగులు కూడా దాటి, కాగితం అయిపోయింది గనక ఆగాయి.

దూరంగా నిలబడి ఎలా ఉందో చూద్దామనుకున్నారు. చూసి, ఇంకాస్త దూరం జరిగారు.

అంతలో సంపూర్ణమ్మ కొంగులో శనగలతో వచ్చింది.

"ఏమండీ! ఏంటిది?"

"పిల్లి."

"పిల్లా?"

"బల్ల మీదికి దూకింది. నేను అదిలించేలోపే..."

"మీసాలు కూడా పిల్లే దిద్దిందా అండీ?"

"దానికీ మీసాలున్నాయిగా. తెలిసే ఉంటుంది."

ఆవిడ ఆయన చేతుల వంక చూసింది. పదివేళ్ళూ నల్లగా మెరుస్తున్నాయి. చెంబుతో నీళ్ళిచ్చింది. శనగలు పెట్టింది. అరిచి ఉంటే ఆయనకు ఎంతో ధైర్యంగా ఉండేది.

"మళ్ళీ ఒకటి వేసెయ్యరాదూ?" అన్నారు శనగలు నములుతూ, బతిమాలుతున్నట్టు కనబడకుండా బతిమాలుతూ.

"ఆకుపచ్చ పెన్సిల్ లేందే ఎలాగండీ? ఎలకలు పట్టుకుపోయాయిగా."

ఎలకలు తిరిగి తెచ్చి పడేశాయని చెబుదామనే నిర్ణయంతో ఆయన పాకలోకి పరుగెత్తి గుడ్డ విప్పారు. లోపల రెండు కందిపుల్లలున్నాయి. దొంగతనం జరిగిందని కేక వేయబోయి, దొంగిలించింది ఎవరి సొత్తో గుర్తొచ్చి నోరు మూసుకున్నారు.

గృహప్రవేశం రోజు వచ్చేసింది. పొద్దున పడవ దిగి దొరబాబు గారూ, వీరవేణమ్మా వస్తున్నారు. గొడుగు మాటకు ఏం జవాబు చెప్పాలా అని తడుముకుంటూ అమ్మిరాజు గారు వీధిలోకి ఎదురెళ్ళారు. దొరబాబు గారు గుమ్మం ముందు ఆగిపోయి, తల పైకెత్తి, నోరు తెరిచారు. అమ్మిరాజు గారూ తలెత్తారు.

గుమ్మానికి పైన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. దాని పక్కన ఒక పాత చేట. ఆ చేటకు అంటించి, గుడ్లురుముతూ, గడ్డందాకా నెత్తుటి పెదాలతో, సాక్షాత్తూ తానే!

"ఓహోహో!" అన్నారు దొరబాబు గారు. "దిష్టిబొమ్మంటే ఇదీ తమ్ముడూ! ఆ గుడ్లేంటి, ఆ మీసమేంటి! దిష్టి సంగతి అలా ఉంచు, దెయ్యాలు కూడా కాలవ దాటి పారిపోతాయి. ఎవరు వేశారోయ్?"

అమ్మిరాజు గారు కండువా సర్దుకున్నారు. "ఎవరో... పనివాడు..."

"లేదు బావగారూ," అంది తలుపు వార నుంచి సంపూర్ణమ్మ, "మీ తమ్ముడుగారే స్వహస్తాలతో వేశారు. పిల్లి వేసిందంటారు గానీ నమ్మకండి."

"మరిదిగారికి ఇంత పనితనం ఉందని నాకు తెలీదే!" అంది వీరవేణమ్మ. తర్వాత కళ్ళు చిట్లించి చూసింది. "అవునుగానీ, ఈ మొహం ఎక్కడో చూసినట్టుందే?"

వచ్చినవాళ్ళంతా బొమ్మ వైపు తిరిగారు. అమ్మిరాజు గారికి హఠాత్తుగా తుమ్ము వచ్చింది. కండువాతో ముక్కూ, మచ్చా, మీసమూ మూసుకుని, అలాగే తుమ్ముకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. వెనకాలే సంపూర్ణమ్మ వచ్చింది.

"కట్టుకున్న మొగుణ్ణి గుమ్మానికి కడతావుటే!"

"అయ్యో, అది మీరా అండీ? మీ బొమ్మ ఇక్కడుందిగా!" అంటూ ఆవిడ మూల ఉన్న పెట్టె మూత తీసింది.

అమ్మిరాజు గారు చూశారు. ఎర్ర తలపాగా మడత మడతనా నిండుగా ఉంది. పసుపు కండువా మీద పట్టు మెరుపు పారుతోంది. బుగ్గలో రక్తం తిరుగుతున్నట్టుంది. ఎంత వెతికినా ఆకుపచ్చ జాడే లేదు. తన మొహం ఇంత హుందాగా ఉంటుందని ఆయనకే అనుమానం రాలేదు ఎప్పుడూ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది... ఎప్పుడే?"

"మీరు నాచు పట్టిందన్న రోజే దీని నకలు ఒకటి తీసి బల్ల మీద పెట్టానండి. దీన్ని దాచుకుని పూర్తి చేశాను. పెన్సిళ్ళు చూరులో భద్రంగానే దొరికాయిగా మరి."

తిట్టడానికి కూడా వ్యవధి లేదు. ఆయన బొమ్మను గుండెలకు హత్తుకుని సావిడి వైపు దూకారు. "మేకు ఏదీ? సుత్తి ఏదీ? దొరబాబు గారి పని ఇవాళ్టితో సరి!"

"తగిలించండి. నేను వద్దంటానా?" అంది సంపూర్ణమ్మ. "అదే తలపాగా. అవే పోగులు. ముక్కు పక్కన అదే మచ్చ. గుమ్మంలో ఒకటి, గోడకి ఒకటి. ఎక్కడో చూసినట్టుందని అక్క ఇందాకే అంది కూడా."

ఆయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

"అయితే ముందు దాన్ని పీకేస్తాను!"

"ఏడాది తిరిగేదాకా దిష్టిబొమ్మని కదపకూడదని పంతులుగారు చెప్పారండి. అందరూ చూశాక పీకితే ఎందుకని అడగరూ?"

అమ్మిరాజు గారు బొమ్మ వంక ఒకసారి, సావిడి వంక ఒకసారి చూశారు. తర్వాత తన చేతులతో తానే, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు, దాన్ని పెట్టెలో పెట్టి మూత వేశారు.

సావిడిలోంచి దొరబాబు గారి గొంతు ఖంగున మోగింది. "తమ్ముడూ! మా ఇంటి గుమ్మానికీ అలాంటిది ఒకటి వేసి పంపాలి. మొహం మాత్రం అచ్చు అదే ఉండాలి సుమా!"

"అలాగే అన్నగారూ," అన్నారు అమ్మిరాజు గారు. ఆ గొంతు ఆయనదేనని సంపూర్ణమ్మ కూడా గుర్తుపట్టలేకపోయింది. కాసేపటికి ఆయన భార్య వైపు తిరిగారు.

"నిజం చెప్పవే. నేను ఆ బొమ్మని పాడుచేస్తానని నీకు ముందే అనుమానం వచ్చింది కదూ?"

సంపూర్ణమ్మ చెంపలు వేసుకుంది.

"రామ రామ! కట్టుకున్న మొగుణ్ణి అనుమానిస్తానా అండీ?"