ఒక్క సర్వర్ చాలు

పొద్దున్నే కరెంటు బిల్లు చూసిన హోటల్ యజమానికి ఆ పూట కాఫీ సయించలేదు. కంప్యూటర్ల పని తెలిసిన అల్లుడికి వెంటనే కబురు పెట్టాడు. కౌంటరు వెనక గదిలో ఎనిమిది కంప్యూటర్ పెట్టెలు రాత్రింబవళ్లు గుయ్యిమంటూ ఉన్నాయి. బిల్లులకొకటి, సరుకులకొకటి, కెమెరాలకొకటి. కొత్త పని వచ్చినప్పుడల్లా ఎవడో ఒకడొచ్చి ఒక పెట్టె అంటగట్టి పోయాడు. వాటిని చల్లగా ఉంచడానికి రెండు ఏసీలు. యజమాని గదిలో మాత్రం ఫ్యానే.

అల్లుడు అన్నీ చూసొచ్చి, భోజనాల హాల్లో మామగారి ఎదురుగా కూర్చుని తేల్చేశాడు.

"ఎనిమిది సర్వర్లు దండగ మామయ్యా. ఒక్కోటి పదో వంతు పని కూడా చెయ్యట్లేదు, మిగతా టైమంతా ఊరికే వేడెక్కుతున్నాయి. ఏడు పీకేద్దాం. వర్చువలైజేషన్ అని ఉందిలెండి, ఉన్న ఒక్కదానిచేతే ఎనిమిదింటి పనీ చేయిస్తా. కస్టమర్లకి తేడా కూడా తెలీదు."

కంప్యూటర్ భాషలో ఆ పెట్టెల్ని సర్వర్లంటారు. హోటల్ భాషలో సర్వర్లంటే వడ్డించేవాళ్లు. ఖర్మ కొద్దీ ఆ హోటల్లో వాళ్లూ ఎనిమిది మందే. వాళ్లలో పాతకాపు, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, సరిగ్గా అప్పుడే కాఫీలు పట్టుకొచ్చి అల్లుడి వెనక నిలబడ్డాడు.

భయం కన్నా ముందు ఆయనకి ఒళ్లు మండింది. ఎనిమిది మంది అనలేదు, ఎనిమిది అన్నాడు. ఒక్కడనలేదు, ఒక్కటన్నాడు. మనుషుల్ని గిన్నెల్లా లెక్కపెట్టాడు. వంటింట్లోకి వెళ్లాక గానీ భయం రాలేదు. ఇంట్లో జీతం తెచ్చే చెయ్యి తనదొక్కటే. ఈ వయసులో కొత్తగా ఎవరు పనిస్తారు?

సంగతి విన్న మిగతా ఏడుగురూ నమ్మలేదు. అయ్యగారినే అడిగి తేల్చుకోమన్నారు. సరేనని పెద్దాయన యజమాని దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సర్వర్లని తీసేస్తున్నారటండీ?"

"నీదాకా వచ్చిందా? అవునోయ్, ఎన్నాళ్లని మేపుతాం? అన్నిటికన్నా పాతది ముందు పోవాలి. దానికి మతిమరుపు కూడా వచ్చింది."

"తీసేశాక ఏం చేస్తారండీ?"

"పాత సామాన్లవాణ్ణి రమ్మన్నాను. తూకానికి ఇచ్చేద్దాం. వెనక గేటు దాకా నువ్వే కాస్త సాయం పట్టు."

ఇంక అడగడానికేముంది? తూకానికి పోవడం కన్నా తలెత్తుకుని పోవడం మేలనుకుని, ఎనిమిది మందీ ఏప్రన్లు విప్పి కొక్కేలకి తగిలించి, ఎదురు హోటల్లోకి నడిచారు. మనుషులు చాలక అల్లాడుతున్న ఆ హోటలాయన వాళ్లని కళ్లకద్దుకుని చేర్చుకున్నాడు.

మధ్యాహ్నానికి హాలు కిటకిటలాడింది. వడ్డించే నాథుడు లేడు. యజమాని తనే చొక్కా చేతులు మడిచి, ఒకరడిగింది ఇంకొకరికి పెట్టి, ఒకాయన ఒళ్లో సూపు ఒలకబోశాడు. అప్పుడే అల్లుడు మొహం వెలిగిపోతూ వెనక గదిలోంచి వచ్చాడు.

"ఏడూ తీసేశా మామయ్యా. ఒక్కటే నడుస్తోంది. కస్టమర్లకి ఏమైనా తేడా తెలిసిందా?"

మామగారు నోరు తెరిచేలోపు వంటమనిషి అందుకున్నాడు. మనుషుల్ని తూకానికి అమ్మేస్తానంటే ఎవరుంటారండీ అని మొహమ్మీదే అడిగేశాడు. యజమానికి అప్పటికి బల్బు వెలిగింది. చేతిలో ప్లేట్లు అల్లుడి చేతిలో పెట్టి రోడ్డు దాటాడు.

ఎదురు హోటల్లో పెద్దాయన మంచినీళ్లు తెచ్చి పెట్టి, ముక్కూ మొహం తెలియనివాణ్ణి అడిగినట్టు అడిగాడు. "ఏం తీసుకుంటారు సార్?"

ఆ సార్ అన్న మాట యజమానికి గుండెలో గుచ్చుకుంది. "నిన్నే తీసుకెళ్దామని వచ్చాను" అని, పెట్టెల గొడవంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. పెద్దాయన విన్నాడు గానీ నవ్వలేదు.

"మీ పెట్టె పేరూ మా పేరూ ఒకటే అయితే రేపు మళ్లీ ఇదే గొడవండి. పేరు మార్చండి, వస్తాం."

పెట్టె పేరు మార్చమని యజమాని అల్లుణ్ణి బతిమాలాడు. అదెలా కుదురుతుందన్నాడు అల్లుడు. చివరికి మనుషుల పేరే మార్చాల్సి వచ్చింది. పేరు పెరిగాక జీతం పెరగదా? కరెంటులో మిగిలిందంతా అటు పోయింది.

అల్లుడు మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. ఆ హోటల్లో ఇప్పుడు సర్వర్ ఒక్కటే. సూపర్‌వైజర్లు ఎనిమిది మంది.