నేలకు ఇస్త్రీ

ఈ కథలో జరిగిందంతా నేను నా రెండు కళ్లతో చూసిందే. ఒకరు చెప్పగా విన్న ముక్క ఒక్కటి లేదు. కళ్లజోడు కూడా పెట్టుకునే ఉన్నాను.

ఆ పొద్దున మా పక్కింటి దర్జీ లేస్తూనే తన పథకం ప్రకటించాడు. ఇంటి వెనకున్న ఖాళీ స్థలాన్ని సాయంత్రంలోగా అద్దంలా చదును చేసేస్తాడట. ఒకప్పుడు ఎవరో ఇటుకల కోసం మట్టి తవ్వుకుపోయి వదిలేసిన నేల అది. ఇక్కడ మోకాలి లోతు గుంట, అక్కడ నడుమెత్తు మిట్ట. దాని మీద మేతకు వెళ్లిన కోడి కుంటుకుంటూ ఇంటికి చేరేది.

అవసరం దర్జీది కాదు, భార్యది. ఆవిడ ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. బడి మైదానంలో కొత్త గదులు లేచిపోయాయి. ఇన్నేళ్లూ తన వాలీబాల్ జట్టును ఊరూరా తిప్పి ఆడించిందే గానీ, సొంతూళ్లో నాలుగు చప్పట్లు విన్న పాపాన పోలేదు. ఈసారి స్థలం చూపిస్తే వచ్చే నెల పోటీలు ఇక్కడే పెడతామన్నారు. ఆ స్థలం చూడ్డానికి పోటీల పెద్దమనిషి ఆ సాయంత్రమే వస్తున్నాడు. ఆయన పెదవి విరిస్తే పోటీలు పక్క ఊరికి పోతాయి.

"మా తమ్ముడికి చెప్పండి. వాడు చూసుకుంటాడు," అంది ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

తమ్ముడంటే దర్జీకి బావమరిది. ట్రాక్టరూ దాని పనిముట్లూ అద్దెకు తిప్పుతాడు. అతని పేరెత్తితే చాలు, దర్జీకి వేలిలో సూది దిగినట్టుంటుంది.

"వాడు చూసుకునేదేంటి? నేను లేనా? గూని భుజాలవాణ్ణి కూడా కోటు తొడిగి నిటారుగా నిలబెట్టినవాణ్ణి. ఈ నేలొక లెక్కా?"

"నేల కోటు తొడుక్కోదండీ," అని ఆవిడ బడికి వెళ్లిపోయింది.

బావమరిది షెడ్డులో పనిముట్లు బారుగా నిలబడి ఉన్నాయి. అతను పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. "చూడు బావా. ముందు ఈ గొర్రు. పళ్లతో చీల్చి నేలని గుల్ల చేస్తుంది. తర్వాత ఈ బ్లేడు. మిట్టని చెక్కి గుంటలో పోస్తుంది. ఆఖర్న రోలరు, అణచడానికి. ఇదీ వరస."

"రోలరొక్కటి చాలు."

"మరి మిట్టల్ని ఎవరు కోస్తారు?"

"ఏమోయ్, చొక్కా ముడతలు పడితే ముడతల్ని కత్తిరిస్తావా, ఇస్త్రీ చేస్తావా?"

బావమరిది నోరు తెరిచాడు. ఆ నోరు అలాగే తెరిచి ఇంకో మాట చెప్పి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ బావ తన కాళ్లతో తానే నడిచి వెళ్లి గోతిలో పడుతుంటే చూసే భాగ్యాన్ని ఏ బావమరిది వదులుకుంటాడు? నోరు మూసేసి, "నీ నేల, నీ ఇస్త్రీ," అంటూ రోలరు తగిలించాడు.

ఇంటి వెనక దర్జీ గుంటలను తలవంచి పరీక్షగా చూశాడు. ఆయన కంటికి అవి గుంటల్లా లేవు, పల్లంగా దిగిన భుజాల్లా ఉన్నాయి. భుజం పల్లమైతే కోటు లోపల ఏం పెడతాం? మెత్త. కొట్టు అటక మీద పోగుపడ్డ గుడ్డపేలికల మూటలన్నీ దింపాడు. లంగా అంచులు, కోటు అస్తర్లు, కుట్టించుకుని తీసుకెళ్లని వాళ్ల జాకెట్లు, అన్నీ గుంటల్లో కూరి పైన పల్చగా మట్టి కప్పాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసి, "ఫిట్టింగు కుదిరింది," అనుకున్నాడు.

తర్వాత నీళ్లు. నీళ్లు చిలకరించకుండా ఇస్త్రీ చేసేవాడూ మనిషేనా? ట్యాంకరును పిలిపించాడు.

"ఏ మాత్రం పొయ్యమంటారు?" అన్నాడు ట్యాంకరువాడు.

"ముడత మొండిది. గట్టిగానే చల్లు."

సరిగ్గా అప్పుడే పంట్లాం కొలతకు ఒక ఆసామి వచ్చాడు. టేపు నడుముకి చుట్టగానే పొట్ట లోపలికి లాగేస్తాడు, తీయగానే వదిలేస్తాడు. ఆ పొట్టతో దర్జీ కుస్తీ పట్టి బయటికొచ్చేసరికి, ట్యాంకరువాడు చివరి బొట్టు దాకా న్యాయంగా పోసేసి వెళ్లిపోయాడు.

(ట్యాంకరు వచ్చినప్పుడు నేను కుర్చీలో గురక పెడుతున్నానని మా ఇంటావిడ అంటుంది. నిజమే. కానీ కళ్లజోడు పెట్టుకునే గురక పెట్టాను.)

బావమరిది రోలరుతో దిగాడు. ఎండకి రాయైపోయి ఇంకా నానని మిట్టలు రోలరును చూసి నవ్వాయి. మెత్త పెట్టిన గుంటలు మాత్రం మర్యాదగా ఇంకా కిందికి వంగాయి. నాలుగు బారలు పోగానే రోలరు సగం దాకా బురదలో కూరుకుపోయింది.

"బావా, నీ ఇస్త్రీపెట్టె మునిగింది."

"నువ్వు నడపడం అలా ఏడిసింది! ఇంకేదైనా తే!"

ఇక్కడ తప్పు ఒక్క దర్జీదే అంటే పాపం తగులుతుంది. బావమరిది కొత్తగా ఒక రోటవేటరు కొన్నాడు. గిరగిరా తిరుగుతూ మట్టిని నమిలేసే కత్తుల చట్రం. కొన్న దగ్గర్నుంచీ దాన్ని నలుగురికీ చూపించాలని చెయ్యి దురద. ఇంత బురదలో అది దించకూడదని తెలిసీ, రోలరును ఎలాగో బయటికి లాగి మూల పడేసి, రోటవేటరు తగిలించుకుని ఊరేగింపుగా వచ్చాడు.

మొదట్లో అది బ్రహ్మాండంగానే నమిలింది. ఈలోగా నాని మెత్తబడ్డ మిట్టలన్నిటినీ చీల్చి ముద్దముద్ద చేసింది. ఆ ఊపులో గుంటల మీదికి వెళ్లింది. అస్తర్లు చుట్టుకున్నాయి. లంగా అంచులు చుట్టుకున్నాయి. కాసేపటికి రోటవేటరు రంగురంగుల గుడ్డల్లో పెళ్లికూతురిలా ముస్తాబై, సిగ్గుతో ఆగిపోయింది. ట్రాక్టరు చక్రాలు ఉన్నచోటే తిరిగి దిగబడ్డాయి.

"ఇదేంటి బావా, మట్టిలో జాకెట్లు మొలిచాయి?"

"మెత్త పెట్టాను."

"నేలకా?"

"భుజాలకి," అన్నాడు దర్జీ నీరసంగా. పొద్దు వాలుతోంది. చప్పట్లు వినని భార్య మొహం కళ్ల ముందు మెదిలింది. మొదటిసారి ఆయనకి నిజంగా భయం వేసింది.

రోటవేటరును విప్పి పక్కన పడేశారు. ఇక చక్రాల కింద పెట్టడానికి బలమైన చెక్క కావాలి. ఇంట్లో ఉన్న బలమైన చెక్క ఒక్కటే, దర్జీ గుడ్డలు కత్తిరించే బల్ల. తాత నాటిది, మంచం కంటే పొడవు. గుండె రాయి చేసుకుని దాని కాళ్లు ఊడగొట్టి తెచ్చాడు. చక్రాల కిందినుంచి వెనక్కి తన్నుకుపోకుండా దాన్ని గొలుసుతో ట్రాక్టరుకే కట్టారు. చివర లేవకుండా బరువుగా దర్జీ ఎక్కి నిలబడ్డాడు.

ట్రాక్టరు ఒక్క గెంతు గెంతి బయటపడింది. గొలుసుతో పాటు బల్ల, బల్లతో పాటు దర్జీ.

"ఆపరా!"

"ఆపితే మళ్లీ దిగబడతాం బావా! పట్టుకో!"

"ఏం పట్టుకోనురా, బల్లకి పిడి ఉందా?"

ఆపడానికి లేదు. ట్రాక్టరు స్థలం చుట్టూ గిరికీలు కొడుతోంది. సరిగ్గా అప్పుడే ఆటల టీచరు, ఆవిడ వెనక జట్టు, ఆ పక్కనే గొడుగు పట్టుకుని పోటీల పెద్దమనిషి వచ్చి నిలబడ్డారు. చూసీ చూడగానే ఆవిడ మొహంలో పోటీలు మూటాముల్లే సర్దుకుని పక్క ఊరికి బయల్దేరాయి.

"అమ్మా, ఇదేనా మైదానం?" అన్నాడు పెద్దమనిషి, మైదానాన్ని కాకుండా దర్జీని చూస్తూ.

ఆవిడ అప్పటికే బల్ల వెళ్లిన దారిని చూస్తోంది. బల్ల అంచు మిట్టల ముద్దల్ని ముందుకు తోసుకుంటూ పోయి గుంటల్లో నింపేస్తోంది. వెనక పరిచిన దుప్పటిలా నున్నటి నేల వస్తోంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆపకు!" అని కేక పెట్టింది.

"నువ్వు కూడానా!" అని గింజుకున్నాడు దర్జీ.

"ఏమండీ, కొంచెం ఎడం వైపు జరగండి! అక్కడ మిట్ట మిగిలిపోయింది!"

"జరిగితే పడతానే!"

"పడండి! కానీ ఎడం వైపే పడండి!"

ఆడపిల్లలు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ప్రతి చుట్టుకీ ఊపు పెరిగింది. చీకటి పడేలోగా బావమరిది గట్టి నేల మీదికి ఎక్కించి ఆపాడు. మిగిలిన నీళ్లు స్థలమంతా పల్చగా పరుచుకుని, ఈ చివర ఎంత లోతో ఆ చివరా అంతే లోతున నిలిచాయి. అంతకంటే చదునుకి సాక్ష్యం ఏముంది? పెద్దమనిషి గొడుగు మొనతో నాలుగు మూలలా పొడిచి చూసి తలూపాడు.

"ఆరితే రాయిలా ఉంటుంది. పోటీలు ఇక్కడే పెట్టుకోండమ్మా. ఇంతకీ ఏ పనిముట్టు వాడారు?"

బావమరిది రోటవేటరు గురించి చెప్పబోయాడు. దర్జీకి చెప్పాలనే ఉంది గానీ నోటినిండా మట్టి ఉంది.

"మా ఇంట్లోదేనండీ," అంది ఆవిడ భర్త చెవిలోంచి బురద తుడుస్తూ. "ఇన్నాళ్లూ కొట్లో కూర్చోబెట్టి వృథా చేశాం."

మర్నాడు బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "బావా, ఇంకో ఆసామికి కూడా ఇలాగే కావాలట. బల్లతో పాటు నువ్వూ వస్తావా?"

ఇందులో నేను కల్పించిన ముక్క ఒక్కటే. దర్జీ బల్ల మీద నిలబడ్డాడని రాశాను. ఆయన మొదటి చుట్టు నుంచీ బోర్లా పడుకునే ఉన్నాడు.